వాసనలు రాసిన ఆదివారం

నా చిన్నప్పుడు, మా అమ్మ ఆపరేషన్ బల్ల మీద ఉన్న ఒక ఆదివారం నాడు, పక్కింటి ఆంటీ నాకు మూత తీయకుండానే మాంసం ఎంతవరకు ఉడికిందో వాసనతో చెప్పడం నేర్పింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మా వీధి పిల్లలు నన్నే ఆంటీ అంటున్నారు. అయినా ఆ ఒక్క రోజు మాత్రం, ఏ గంటకు ఏం జరిగిందో వరసగా చెప్పగలను.

మేం అప్పుడు మెల్‌బోర్న్‌కు ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడు అక్కడ మూడు వీధులకొక ఇండియన్ కొట్టు ఉంది కానీ, అప్పట్లో మా వెనక కంచె దాటితే గడ్డిబీళ్ళే. చలికాలం గాలి ఆ బీళ్ళ మీదుగా వచ్చి వంటింటి కిటికీని గడగడలాడించేది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు తప్పిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ తారీఖులు సరిచేసే పని మీదే నాన్న ఒంగోలు నుంచి మమ్మల్ని తీసుకొచ్చాడు. వారమంతా జనం వాడుకునే కంప్యూటర్లను ఆదివారమే ఆపి పరీక్షించాలి కాబట్టి, అందరికీ సెలవైన రోజు నాన్నకు అసలు పనిరోజు. ఇంకా వెలుగు రాకముందే కారులో బ్రాడ్‌మెడోస్ స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ రైలెక్కి సిటీకి పోయేవాడు.

పక్కింటి ఆంటీది కర్నూలు. అంకుల్‌కు హలాల్ మాంసం కొట్టు ఉండేది. మాకంటే ఇరవై ఏళ్ళు ముందే వచ్చి స్థిరపడ్డారు. ఒక్కడే కొడుకు, యూనివర్సిటీకి దగ్గరని స్నేహితులతో కలిసి వేరే ఉండేవాడు. మేం దిగిన మొదటి వారంలోనే ఆంటీ కంచె మీదుగా ఒక గిన్నెడు చింతకాయ పచ్చడి అందించి, "మీరు కారం తినేవాళ్ళే గదా?" అని అడిగిందట. అంతే, మా అమ్మ ఆవిడను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం నాన్న వెళ్ళిన గంటకు అమ్మ బాత్‌రూమ్‌లోంచి నన్ను పిలిచింది. అమ్మకు అప్పుడు ఏడో నెల. తలుపు తీసి చూస్తే గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. తెల్లటి పలకల మీద రక్తం. నేను కదలకుండా నిలబడిపోయాను. "వెళ్ళి ఆంటీని పిలువమ్మా, పరిగెత్తకు, జారిపడతావ్" అంది అమ్మ, మామూలుగానే. ఆ గొంతు అంత మామూలుగా ఉండటమే నన్ను ఎక్కువ భయపెట్టింది. మేజోళ్ళతోనే తడిగడ్డిలో పరిగెత్తాను.

ఆంటీ వచ్చి ఒక్కసారి చూసి, అంబులెన్సుకు ఫోన్ చేసింది. అమ్మ పక్కన నేల మీదే కూర్చుని, అంబులెన్సు వచ్చేదాకా ఆమె చేయి వదల్లేదు. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే అమ్మ నా వైపు తల తిప్పి, "ఏం కాలేదురా, సాయంత్రానికి వచ్చేస్తా" అంది. తలుపులు మూసుకున్నాయి. ఆంటీ నాన్న ఆఫీసుకు ఫోన్ చేసింది. నాన్న అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్తానన్నాడు. తర్వాత ఆంటీ నా తడి మేజోళ్ళు విప్పి, వాళ్ళబ్బాయివి ఒక జత తెచ్చి తొడిగింది. అవి నా మోకాళ్ళ దాకా వచ్చాయి.

ఇంట్లో తెలుగు అర్థమైనా జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇచ్చే వయసు నాది. వాళ్ళ వంటింట్లో నిలబడి అడిగాను. "ఆంటీ, ఈజ్ అమ్మ గోయింగ్ టు బీ ఓకే?"

ఏ పెద్దవాళ్ళయినా ఏమంటారో నాకు ముందే తెలుసు. ఏం కాదు, నువ్వు ఆడుకో అంటారు. ఆంటీ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"నాకు తెల్దు పాపా."

పెద్దవాళ్ళకు తెలియనిది ఉంటుందని, అది వాళ్ళు ఒప్పుకుంటారని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"డాక్టర్లు చూస్తాండారు. ఫోన్ వస్తాది. ఫోన్ మోగితే నువ్వు నా పక్కనే నిలబడు. నాకు తెలిసింది తెలిసినట్టు, ఆ నిమిషమే నీకు చెప్తా. దాచిపెట్టను. సరేనా?"

సరే అన్నాను. ఏడుపు వచ్చింది కానీ, కాళ్ళ కింద నేల కొంచెం గట్టిపడినట్టు కూడా అనిపించింది.

ఆంటీ వంటింటి గట్టు మీద, కరెంటుతో గంటల తరబడి సన్నగా ఉడికించే గుండ్రటి స్లో కుక్కర్ ఒకటి ఉండేది. లోపల బరువైన మట్టికుండ లాంటి పాత్ర, పైన గాజుమూత, ముందు ఒకే ఒక్క మీట. అది ఆవిడ వచ్చిన కొత్తలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పక్కన పనిచేసిన ఒక ఐరిష్ ముసలామె ఇచ్చిందట, వండే పద్ధతి కూడా ఆవిడే నేర్పిందట. మా అమ్మకు ఆ కుక్కర్ మీద ఏమాత్రం నమ్మకం ఉండేది కాదు. కూత వేయని కుక్కర్‌లో మాంసం ఎట్లా ఉడుకుతుందక్కా అని నవ్వేది.

"మీ నాయన పొద్దునుంచి ఏం తిని ఉండడు. సాయంత్రం వస్తాడు. పని చేద్దాం రా" అంది ఆంటీ.

గొర్రె భుజం ముక్క ఒకటి, ఎముకతో సహా, నా రెండు చేతులంత ఉంది. దాన్ని తుడిచి, ఉప్పూ మిరియాల పొడీ పట్టించమని నాకిచ్చింది. చల్లటి మాంసాన్ని, ఎముక సందుల్లో కూడా వేళ్ళు పెట్టి రుద్దాను. ఆంటీ పెనం బాగా కాల్చి, ముక్కను అన్ని వైపులా ఎర్రగా వేయించింది. కుక్కర్‌లో అడుగున ఉల్లిపాయ చక్రాలు, వాటి మీద నేను చెక్కు తీసిన బంగాళదుంపలు, క్యారెట్లు. వాటి మీద మాంసం. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు లవంగాలు, కంచె దగ్గర పొదలోంచి తుంచుకొచ్చిన, ఘాటు వాసన వేసే రోజ్‌మేరీ ఆకుల కొమ్మ. పెనంలో అంటుకున్న మాడు మీద కొంచెం నీళ్ళు పోసి గీరి, ఆ నీళ్ళే పోసింది. నీళ్ళు చాలవేమో అనిపించింది నాకు. మాంసమే నీళ్ళు వదులుతుందట. మూత పెట్టి, మీటను 'లో' మీదికి తిప్పింది. అప్పుడు గోడ గడియారంలో తొమ్మిదిన్నర. సాయంత్రం ఐదున్నర దాకా దాన్ని ముట్టుకోకూడదంది.

పది నిమిషాలకు నేను మూత తీశాను. ఏమీ జరగలేదు. ఇంకో పావుగంటకు మళ్ళీ తీశాను. ఆంటీ వచ్చి మూత పెట్టింది. అరవలేదు. మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడి బయటికి పోతుందని, అది మళ్ళీ కూడుకోవడానికి అరగంట పడుతుందని చెప్పి, "ఇప్పటికే మీ నాయన భోజనం గంట వెనక్కి పోయినట్టే" అంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. నేనేదో పాడుచేశాననిపించింది.

అప్పుడు ఆంటీ, నాన్న ఎప్పుడో నేను బొమ్మలు గీసుకోవడానికని వాళ్ళింట్లో కూడా పడేసిన ఆఫీసు ప్రింటర్ కాగితాలు తెచ్చింది. రెండు అంచుల్లోనూ చిల్లులుండే పొడుగాటి కాగితాలు. ఒక పెన్సిలిచ్చి, కుక్కర్‌కు ఎదురుగా స్టూలు వేసింది.

"చూసేదానికి మూత తీయాల గానీ, వాసనకు అక్కర్లేదు. ఈడ కూర్చో. ఏ వాసన ఎప్పుడొచ్చిందో టైం వేసి రాయి. నాకు ఇంగ్లీషు సరిగా చదవడం రాదు పాపా, తెలుగులో రాయి."

నాకు తెలుగు రాయడం సగమే వచ్చు. ఒంగోల్లో ఒకటో తరగతి దాకా నేర్చుకున్నది అప్పటికే మరిచిపోతున్నాను. అయినా పాపం ఆవిడకు ఇంగ్లీషు రాదు కదా అని, నాలుక బయటపెట్టి ఒక్కో అక్షరం గుర్తుచేసుకుంటూ రాశాను. పది గంటలకు 'ఉలిపాయ'. పదకొండుకు 'మిరియం, ముక్కులో గుచింది'. ఒత్తులన్నీ ఎటో పోయాయి. ఆంటీ వచ్చి చదివి, అవును, నిజమే, నాకు ఈ మిరియం తెలవనేలేదే అని మెచ్చుకుని, పోయిన ఒత్తును నా చేతే పెట్టించి వెళ్ళేది.

పన్నెండుకు ఫోన్ మోగింది. నేను స్టూలు మీంచి దూకి ఆంటీ పక్కన నిలబడ్డాను. ఆవిడ విని, ఊఁ, ఊఁ అని, ఫోన్ పెట్టేసి వంగి నా భుజాలు పట్టుకుంది. "మీ నాయన. అమ్మకు ఆపరేషన్ చేస్తాండారంట. రక్తం శానా పోయిందంట, ఎక్కిస్తాండారు. అంతే తెలుసు."

నేను గుక్కపెట్టి ఏడ్చాను. ఆంటీ ఊరుకోమనలేదు. నా ఏడుపు అయ్యేదాకా నేల మీద కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మొహం కడిగి, తానూ చేతులూ కాళ్ళూ కడుక్కుని ముందు గదిలో నమాజుకు నిలబడింది. నేను చాప అంచున కూర్చున్నాను. అయిపోయాక, అమ్మ కోసం అడిగావా అన్నాను. "ఎందుకు అడగను? మొదట అదే అడిగినా" అంది.

మూడు కాకముందే మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆంటీ ఎక్కువసేపు విన్నది. నాకు తమ్ముడు పుట్టాడు. మరీ చిన్నవాడు, తనంతట తాను ఊపిరి తీసుకోలేక గాజుపెట్టెలో పెట్టారు. అమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు. ఎప్పుడు తెరుస్తుందో డాక్టర్లు చెప్పలేదు. ఆంటీ ఇవన్నీ ఇదే వరసలో, ఒక్కటీ వదలకుండా నాకు చెప్పింది.

నేరుగా వెళ్ళి కుక్కర్ మీటను 'హై' మీదికి తిప్పేశాను. మాంసం తొందరగా ఉడికిపోతే సాయంత్రం తొందరగా వచ్చేస్తుందని, సాయంత్రం వస్తే అమ్మ వచ్చేస్తుందని, అమ్మే అలా చెప్పింది కదా అని, ఏదో పిచ్చి లెక్క. ఆంటీ చూసింది. కోప్పడలేదు. నా పక్కకొచ్చి మీటను మెల్లగా వెనక్కి తిప్పింది.

"దీనికీ మీ అమ్మకీ ఏం సంబంధం లేదు పాపా. ఇది మాంసం. ఇది ఉడికినా ఉడకకున్నా అమ్మకు జరిగేది జరుగుతాది. మనం దీన్ని వండుతాండేది మీ నాయనకు ఆకలేస్తాదని. అంతే."

అంత చిన్న వయసులో ఆ మాట నాకు ఊరటగా ఉండటం ఇప్పటికీ ఆశ్చర్యమే. పొద్దున రెండుసార్లు మూత తీసినందుకే అమ్మకు ఇట్లా అయిందేమోనని లోపల్లోపల వణికిపోతున్నానని ఆవిడకు నేను చెప్పలేదు. ఎలా తెలిసిందో మరి.

మళ్ళీ స్టూలు ఎక్కాను. నాలుగింటికి వాసన మారింది. ఉల్లిపాయ, మిరియం విడివిడిగా తెలియడం మానేసి అన్నీ కలిసి ఒక్కటే వాసన, తియ్యగా, బరువుగా, ఇల్లంతా. దానికి ఏ పేరు పెట్టాలో తెలియక చాలాసేపు ఆలోచించి 'కూర వాసన' అని రాశాను. ఆంటీ చదివి, ఇంక గంటన్నరే, వేడి పోగొట్టినావు కాబట్టి రెండున్నర గంటలు వేసుకో అంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

నాన్న వచ్చేటప్పటికి ఆరు దాటింది, బయట చీకటి పడుతోంది. పొద్దున ఆఫీసుకు వేసుకెళ్ళిన చొక్కాయే, టై మాత్రం లేదు. నన్ను చూడగానే నవ్వాడు. ఎంత పెద్దగా నవ్వాడంటే నాకు భయమేసింది.

"అమ్మకి బానే ఉందిరా తల్లీ! నీకు తమ్ముడు పుట్టాడు. రేపో ఎల్లుండో ఇద్దరూ ఇంటికొచ్చేస్తారు."

"నో నాన్నా. బేబీ గ్లాస్ బాక్స్‌లో ఉన్నాడు. అమ్మ హ్యాజంట్ ఓపెన్డ్ హర్ ఐస్. ఆంటీ టోల్డ్ మీ."

నాన్న నవ్వు అలాగే ఆగిపోయింది. ఆంటీ వైపు తిరిగాడు. మా నాన్న ఎవరిమీదా గొంతు పెంచి ఎరుగడు. ఆ రోజు పెంచాడు.

"చిన్నపిల్లక్కా అది! దానికి ఇవన్నీ చెప్తారా ఎవరైనా? బుద్ధుండే చేశారా ఈ పని?"

ఆంటీ తలవంచుకుని గట్టు తుడుస్తూ నిలబడింది. ఇంక మమ్మల్ని వెళ్ళిపొమ్మంటుందేమో అనుకున్నాను. కాసేపటికి గుడ్డ పక్కన పెట్టి మాట్లాడింది, మెల్లగానే.

"కూర్చో తమ్ముడూ. నేనీడికి వచ్చిన రెండో ఏడు, మా వాడు కడుపులో ఉండాడు. కర్నూల్లో మా అక్క పోయింది. నేను వట్టి మనిషిని కాదు, తట్టుకోలేనని నాకు చెప్పలేదు. నేను ఉత్తరం రాస్తే, మా అక్క కూతురు అచ్చం వాళ్ళమ్మ రాసినట్టే జవాబు రాసేది. అట్ల రెండు నెలలు. కాన్పయినాక చెప్పినారు. చచ్చిపోయిన మనిషిని పట్టుకుని, నడుం నొప్పి తగ్గిందా అక్కా అని నేను అడుగుతా ఉండినా. వాళ్ళంతా ప్రేమతోనే చేసినారు. కానీ ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని ఏడ్చినారు, నన్నొక్కదాన్నే బయట పెట్టినారు. ఆ బిడ్డను అట్ల బయట పెట్టలేకపోయినా. తప్పయితే క్షమించు."

నాన్న కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. భుజాలు కదులుతుంటే చూశాను. మా నాన్న ఏడవడం చూడటం అదే మొదలు. కాసేపయ్యాక చేయి చాపి నన్ను దగ్గరికి తీసుకుని, ఈసారి నవ్వకుండా చెప్పాడు. అమ్మ ఐదింటికి కళ్ళు తెరిచిందట. మాట రాలేదు కానీ, పాప ఎక్కడ అన్నట్టు పెదవులు కదిపిందట. ఆంటీ దగ్గరుంది అంటే మళ్ళీ కళ్ళు మూసుకుందట. తమ్ముడి సంగతి ఇంకా ఏమీ చెప్పలేమన్నారట. "నాకు చాలా భయంగా ఉందమ్మా" అన్నాడు. నాక్కూడా నాన్నా, అన్నాను, తెలుగులోనే.

ఆంటీ అప్పుడు మూత తీసింది. గరిటె తగలగానే మాంసం ఎముక నుంచి తనంతట తానే జారిపడింది. వేడి అన్నం మీద ఆ మాంసం, మెత్తబడిన దుంపలు, గోధుమరంగు పులుసు వేసి నాన్న ముందు పెట్టింది. వద్దక్కా, గొంతు దిగదు అన్నాడు నాన్న. ఒక ముద్ద తిన్నాడు. తర్వాత తల ఎత్తకుండా రెండు పళ్ళేలు తిన్నాడు. నేను రాసిన కాగితం ఆయన పళ్ళెం పక్కనే పెట్టాను. తింటూ, ఎడమచేత్తో దాన్ని జరుపుకుంటూ, ఉల్లిపాయ నుంచి కూర వాసన దాకా అంతా చదివాడు.

తమ్ముడు ఏడు వారాలు గాజుపెట్టెలోనే ఉన్నాడు. ఆ ఏడు వారాలూ నాన్న రోజూ సాయంత్రం వచ్చి నన్ను కూర్చోబెట్టుకుని వాడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేవాడు, బరువు పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని. ఒకసారి జ్వరం వచ్చిందని కూడా చెప్పాడు. అమ్మ రెండు వారాలకు ఇంటికొచ్చింది. వాడిప్పుడు ఆరడుగుల మనిషి, కూరలో కారం తక్కువైందని నన్నే దెప్పుతాడు.

ఆంటీకి ఇంగ్లీషు రాదన్న మాట ఎంత నిజమో నాకు పన్నెండో ఏట తెలిసింది. లైబ్రరీలో ఆవిడ దిండు లాంటి ఇంగ్లీషు నవలలు నాలుగు చంకన పెట్టుకుని ఎదురైంది. నేను నోరు తెరిచి చూస్తుంటే, "కర్నూల్లో ఎనిమిదేండ్లు పిల్లోళ్ళకు ఇంగ్లీషు చెప్పినా. నీ తెలుగు పోతాంటే చూస్తా ఊరుకోలేక అట్ల అన్నా" అని నవ్వింది. మరి దాచిపెట్టనన్నావు కదా అన్నాను. దొరికిపోయినందుకు చేయి అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వింది. ఈ నాలుగు ముక్కలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ ఒక్క అబద్ధం వల్లే.

నాలుగేళ్ళ క్రితం ఆంటీకి ఒంట్లో బాగోలేక పరీక్షలు చేశారు. అంకుల్ అప్పటికే లేరు. వాళ్ళబ్బాయి పెర్త్‌లో ఉంటాడు. రిపోర్టు వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి, క్యాన్సరని, వాళ్ళమ్మకు మాత్రం అల్సర్ అని చెబుదామని, నేనూ అదే మాట మీద ఉండాలని బతిమాలాడు. అతని గొంతులో మా నాన్న ఆనాటి నవ్వు లాంటిదే ఏదో ఉంది. నాకు కోపం రాలేదు. నేను తొమ్మిదేళ్ళప్పుడు జరిగింది అతనికి మొత్తం చెప్పాను. వాళ్ళ పెద్దమ్మ ఉత్తరాల సంగతి అతనికి అసలు తెలియదట. ఆ ఉత్తరాలు తాను కడుపులో ఉన్నప్పటివా అని రెండుసార్లు అడిగాడు. చివరికి, "నేను చెప్పలేను. నువ్వు చెప్పు, ఐ విల్ బీ ఆన్ ద ఫోన్" అన్నాడు.

వెళ్ళాను. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఫోన్‌లో కొడుకు ఏడుస్తున్నాడు. ఎంత కాలమంట అని అడిగింది ఆంటీ. తెలీదాంటీ, డాక్టర్లకీ ఇప్పుడే తెలీదట, అన్నాను. ఆవిడ నా చేయి అందుకుంది.

"మంచిపని చేసినావు. ఇప్పుడు మీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఇంక నేను ఒంటిదాన్ని కాదు."

ఆ తర్వాత ఆవిడ పదకొండు నెలలు బతికింది. ఆ పదకొండు నెలల్లో ఆవిడ ముందు మేం గుసగుసలాడుకోవాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. భయం వేసినప్పుడు అందరం కలిసే భయపడ్డాం, నవ్వొచ్చినప్పుడు కలిసే నవ్వుకున్నాం. ఆ ఆదివారం నుంచి నేను దాచుకున్నది ఇదే. మనం ప్రేమించే మనిషి ఏదో ఒక కబురు కోసం భయపడుతూ కూర్చున్నప్పుడు, ఏం కాదులే అనడం నాకు చేతకాదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రం వచ్చు.